విచారణ జరిగితేనే విశ్వాసానికి చిగురు

గుళ్లు అమ్ముకున్న కెనడా పీఠంలో కొత్త ఆశ... మన తెలుగు విశ్వాసులకూ ఒక పాఠం

సెయింట్ జాన్స్ (కెనడా) నుంచి

కెనడాకు తూర్పు చివర, అట్లాంటిక్ ఒడ్డున ఉన్న ఊరు సెయింట్ జాన్స్. న్యూఫౌండ్‌లాండ్ అండ్ లాబ్రడార్ రాష్ట్రానికి రాజధాని. రేవులో నిలబడి తలెత్తితే కొండ మీద రెండు గోపురాలు కనిపిస్తాయి. అవి బాప్తిస్మ యోహాను బాసిలికావి. రాళ్లు ఐర్లండ్ నుంచి ఓడల్లో తెప్పించి, ఊరంతా చెయ్యి వేసి కట్టుకున్న గుడి అది. 2022లో ఆ గుడి అమ్ముడుపోయింది!

నష్టాలొచ్చి అమ్మలేదు, భక్తులు లేక అమ్మలేదు. పిల్లలకు జరిగిన అన్యాయానికి పరిహారం కట్టడం కోసం అమ్మారు. బాసిలికాతో పాటు అవలాన్ ద్వీపకల్పంలోని ఎన్నో గుళ్లు, హాళ్లు, స్థలాలు అదే దారి పట్టాయి. రెండు వందల ఏళ్లుగా ఈ నేలను పాలించినంత పని చేసిన కతోలిక పీఠం ఇవాళ తన పెద్ద గుడిలో తనే అద్దెకున్నట్టుగా ఉంటోంది.

మరి ఇందులో ఆశ ఎక్కడుంది? ఉంది. అది ఎక్కడుందో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

మనకెందుకీ సంగతి?

బతుకుతెరువు కోసం ఇక్కడికొచ్చిన వాళ్లం మేము. కట్టడాల పనుల్లో కొందరం, ఆస్పత్రుల్లో కొందరం, మెమోరియల్ యూనివర్సిటీలో చదువుకునే పిల్లలు కొందరు. గుణదల తిరునాళ్లకు నడిచి వెళ్లినవాళ్లు, ఫిరంగిపురంలో సత్యోపదేశం నేర్చుకున్నవాళ్లు, ఖమ్మం, నల్గొండ వైపువాళ్లు... ఆదివారం పూజకు ఒకే బెంచీలో సర్దుకుంటాం. ఇండియాలోలాగే ఇక్కడి గడియారానికీ ఓ అరగంట తోక ఉంటుంది. చలికాలంలో మన ఊరికీ ఈ ఊరికీ సరిగ్గా తొమ్మిది గంటల తేడా. ఇంటికి ఫోన్ చేసి ‘పూజకు వెళ్లొచ్చాం’ అంటే అమ్మానాన్నలకు అదో ధైర్యం.

కానీ ఇక్కడి గుళ్లలో మన పక్కన కూర్చునే తెల్లజుట్టు పెద్దవాళ్ల మొహాల్లో ఏదో బరువు కనిపిస్తుంది. చాలా బెంచీలు ఖాళీ. ఎందుకని అడిగితే మొదట మాట దాటేస్తారు. తర్వాత తర్వాత ఒక్కో ముక్కా బయటికొస్తుంది. మా వాళ్లలో ఓ కుర్రాడు ‘మనకెందుకన్నా ఈ గొడవ? పూజ చూసుకుని వచ్చేద్దాం’ అన్నాడు. అది సమాధానం కాదని మాకనిపించింది. ఆ ఖాళీ బెంచీలు నింపుతున్నది ఇప్పుడు మనలాంటి వలస జనమే. కెనడాలో చాలాచోట్ల పూజ చెప్పే గురువులు కూడా మన దేశం నుంచి వచ్చినవాళ్లే. ఇల్లు చేతికొచ్చినప్పుడు దాని పునాది సంగతి కూడా తెలుసుకోవాలి కదా!

మౌంట్ కాషెల్ కథ

1898లో ఐర్లండ్‌కు చెందిన క్రిస్టియన్ బ్రదర్స్ ఈ ఊళ్లో మౌంట్ కాషెల్ అనే అనాథాశ్రమం తెరిచారు. తల్లీతండ్రీ లేని మగపిల్లలకు, పెంచలేని పేదింటి పిల్లలకు అదే దిక్కు. తిండి, బట్ట, చదువు అన్నీ అక్కడే. ఊరిజనం ఆ బ్రదర్స్‌ను దేవుళ్లలా చూసేవారు. వాళ్ల మాటకు ఎదురుండేది కాదు.

ఆ గోడల లోపల కొందరు బ్రదర్లు పిల్లల్ని చావబాదారు, లైంగికంగా హింసించారు. 1975లోనే పోలీసులు పిల్లల వాంగ్మూలాలు తీసుకున్నారు. ఇద్దరు బ్రదర్లు తప్పు ఒప్పుకున్నారు కూడా. అయినా కేసు పెట్టలేదు. వాళ్లిద్దర్నీ చికిత్స పేరుతో రాష్ట్రం దాటించి ఫైలు మూసేశారు. పోలీసు రిపోర్టులో లైంగిక నేరాల ప్రస్తావన లేకుండా తిరగరాయించారు. పిల్లలు మళ్లీ ఆ గోడల మధ్యకే వెళ్లారు.

పద్నాలుగేళ్లు గడిచాయి. 1989లో అక్కడ పెరిగిన ఓ యువకుడు సొంత పేరుతో, సొంత ఫొటోతో ది సండే ఎక్స్‌ప్రెస్ అనే స్థానిక పత్రికకు తన కథ చెప్పాడు. ఒకరి గొంతు లేచేసరికి పదిమందికి ధైర్యమొచ్చింది. ప్రభుత్వం రిటైర్డ్ జడ్జి శామ్యూల్ హ్యూస్‌తో విచారణ కమిషన్ వేసింది. ఆ విచారణ టీవీలో ప్రసారమైంది. వంటింట్లో, దుకాణంలో, చేపల రేవులో ఎక్కడ చూసినా అదే. పెద్దవాళ్లయిన ఆ పిల్లలు కెమెరా ముందు ఏడుస్తూ చెబుతుంటే ఊరు ఊరంతా తలదించుకుంది. పలువురు బ్రదర్లు జైలుకెళ్లారు. 1990లో ఆశ్రమం మూసేశారు, 1992లో కూల్చేశారు. ఇప్పుడక్కడ ఓ సూపర్ మార్కెట్, ఇళ్లు ఉన్నాయి.

అదే కాలంలో పీఠానికి చెందిన గురువుల మీదా కేసులు మొదలయ్యాయి. 1988 నుంచి ఒకరి తర్వాత ఒకరు కోర్టు బోనెక్కారు. అప్పటి అగ్రపీఠాధిపతి అల్ఫోన్సస్ పెన్నీ స్వయంగా ఓ కమిషన్ వేశారు. దానికి అధ్యక్షుడిగా మాజీ లెఫ్టినెంట్ గవర్నర్ గోర్డన్ వింటర్‌ను పెట్టారు. ఆయన కతోలికుడు కాదు, ఆంగ్లికన్. 1990లో వచ్చిన ఆ నివేదిక మొహమాటపడలేదు. పీఠం పెద్దలకు ముందే తెలుసనీ, బాధితులకన్నా నిందితులనే ఎక్కువ కాపాడుకున్నారనీ తేల్చింది. పెన్నీ రాజీనామా చేశారు. మనది పాపాత్ముల సంఘమనీ, మన సిగ్గు లోకం ముందు బట్టబయలైందనీ ఒప్పుకుని మరీ దిగిపోయారు.

ఒకే మాటకు మూడు అర్థాలు

మన కతోలిక తెలుగులో పారిష్‌ను ‘విచారణ’ అంటాం. పారిష్ ప్రీస్టు ‘విచారణ గురువు’. ఊళ్లో ఉన్నప్పుడు ఈ మాట గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. ఇక్కడికొచ్చాక అదే మాట కొత్తగా వినపడుతోంది.

విచారణ అంటే పోలీసులు, కమిషన్లు చేసేది. విచారించడం అంటే మంచీచెడూ కనుక్కోవడం, బాగోగులు చూసుకోవడం కూడా. ‘మా అబ్బాయి అక్కడున్నాడు, కాస్త విచారిస్తూ ఉండండి’ అని ఊరి నుంచి ఫోన్‌లో చెబుతారే, ఆ అర్థంలో. మన పెద్దలు పారిష్‌కు ఆ పేరు పెట్టింది అందుకేనేమో! గురువు జనం మంచిచెడ్డలు విచారించాలి. ఆ పిల్లల్ని విచారించినవాళ్లు లేకపోబట్టే ఈ పీఠానికి కమిషన్ల విచారణ తప్పలేదు. ఒక విచారణ మానేస్తే ఇంకో విచారణ మీదికొస్తుంది. ఈ ఊరి కథంతా ఇంతే.

సిమెంటు పూత పనికిరాదు

పాత రాతి కట్టడాల మరమ్మతు తెలిసిన మేస్త్రీలెవరైనా ఒక మాట చెబుతారు. గానుగ సున్నంతో కట్టిన గోడకు పగుళ్లొస్తే పైన సిమెంటు పూయకూడదు. పూసిన రోజున గోడ కొత్తదానిలా మెరుస్తుంది. కానీ లోపలి చెమ్మ బయటికి వచ్చే దారి మూసుకుపోతుంది. ఇక్కడ చలికాలంలో ఆ చెమ్మ గడ్డకడుతుంది, కరుగుతుంది, మళ్లీ గడ్డకడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ రాయే పెచ్చులూడిపోతుంది. సున్నం గోడను ఊపిరి పీల్చుకోనిస్తుంది, సిమెంటు ఊపిరాడనివ్వదు.

1975లో జరిగింది సిమెంటు పూతే. పరువు కాపాడుతున్నామనుకున్నారు. లోపల చెమ్మ పెరుగుతూనే ఉంది. 1989లో అది పగిలేసరికి ఆశ్రమం ఒక్కటే కూలలేదు, నమ్మకం కూలింది. అప్పటిదాకా ఈ రాష్ట్రంలో బడులన్నీ సంఘాల చేతిలోనే ఉండేవి. 1997లో ప్రజాభిప్రాయం అడిగితే నూటికి 70 మందికి పైగా ఆ పద్ధతి వద్దన్నారు. దానికి వేరే కారణాలూ ఉన్నాయి గానీ, మౌంట్ కాషెల్ నీడ ఆ ఓట్ల మీద పడలేదని ఎవరూ అనలేరు.

దానికి తోడు 1992లో కాడ్ చేపల వేట మీద కేంద్రం నిషేధం పెట్టింది. ఒక్కసారిగా 30 వేల మంది దాకా ఉపాధి కోల్పోయారు. కష్టకాలంలో జనం తలదాచుకునేది గుడిలోనే. సరిగ్గా అప్పుడే గుడి మొహం చూడలేని స్థితి!

బిల్లు ఎవరు కట్టాలి?

జైలు శిక్షలతో కథ ముగియలేదు. పరిహారం సంగతి కోర్టుల్లో ఇరవై ఏళ్లకు పైగా నానింది. ఆశ్రమం నడిపింది క్రిస్టియన్ బ్రదర్స్ కాబట్టి మాకు సంబంధం లేదని పీఠం వాదించింది. 2018లో కింది కోర్టు ఆ వాదన ఒప్పుకుంది. 2020 జులైలో రాష్ట్ర అప్పీలు కోర్టు ఆ తీర్పును తిరగరాసింది. పీఠానికీ బాధ్యత ఉందని చెప్పింది. 2021 జనవరిలో కెనడా సుప్రీం కోర్టు ఈ కేసు వినడానికి నిరాకరించడంతో ఆ తీర్పే ఖాయమైంది.

కట్టడాల పనిలో ఉన్నవాళ్లకు ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. సబ్ కాంట్రాక్టర్ చేసిన పని కూలి ఎవరికైనా దెబ్బ తగిలితే ‘వాడు మా మనిషి కాదు’ అని మెయిన్ కాంట్రాక్టర్ చేతులు దులుపుకోలేడు. బోర్డు మీద పేరు ఎవరిదో, పని మీద అజమాయిషీ ఎవరిదో చట్టం చూస్తుంది.

2021 చివర్లో పీఠం దివాలా చట్టం కింద రక్షణ కోరింది. 2022లో ఆస్తుల అమ్మకం మొదలైంది. ఇక్కడే అసలు గుండెకోత. బాసిలికాకు 1839లో పునాదులు తవ్వినప్పుడు జనం కూలి తీసుకోకుండా వచ్చారు. ఆడవాళ్లు తమ ఏప్రన్లలో మట్టి మోశారని ఇప్పటికీ చెప్పుకుంటారు. మన భాషలో చెప్పాలంటే కొంగులో మట్టి మోశారన్నమాట. పని మొదలుపెట్టించిన బిషప్ మైకేల్ ఆంథొనీ ఫ్లెమింగ్ 1850 జనవరిలో తొలి పూజ చేసి, అదే ఏడాది కన్నుమూశారు. మెదక్ చర్చిని కరువు రోజుల్లో మన జనం కట్టినట్టే, ఇక్కడి గుళ్లూ పేదల చెమటతో లేచినవే. పల్లె గుళ్లయితే మరీను. వారం వారం కవర్లో వేసిన డాలర్లతో కట్టుకున్నవి.

‘తప్పు చేసింది వాళ్లు, మా తాతలు కట్టిన గుడి ఎందుకమ్మాలి?’ అని విశ్వాసులు అడిగారు. అది అన్యాయమైన ప్రశ్న కాదు. చిన్నప్పుడు బాప్తిస్మం తీసుకున్న చోటు, అమ్మానాన్నల్ని సాగనంపిన చోటు తాళం పడితే ఎవరికైనా కడుపు తరుక్కుపోతుంది. కానీ ఎదుటి పక్క ఇంకో ప్రశ్న ఉంది. ఆ పిల్లలు పోగొట్టుకున్నదానికి వెల ఎవరు కట్టాలి? వాళ్లు కూడా ఈ సంఘం పిల్లలే కదా! గుడి రాళ్లతో కట్టింది, పిల్లలు రక్తమాంసాలతో ఉన్నవాళ్లు. రెంటిలో ఏదో ఒకటే కాపాడుకోగలం అనే రోజు వస్తే ఏది ముందో క్రీస్తును నమ్మేవాళ్లకు వేరే చెప్పాలా?

ఆశ ఎక్కడుందంటే...

మొదటి ఆశ బాధితుల గొంతు. వాళ్లు సంఘాన్ని కూల్చడానికి రాలేదు, నిజం చెప్పడానికి వచ్చారు. ఓ గురువు చేతిలో తాను పడ్డ వేదనను బయటపెట్టిన గెమ్మా హిక్కీ 2015లో న్యూఫౌండ్‌లాండ్ దీవి ఆ చివర నుంచి ఈ చివరకు 900 కిలోమీటర్లకు పైగా నడిచారు. తనలాంటి బాధితులకు అండగా నిలిచే పాత్‌వేస్ అనే సంస్థ కోసం నిధులు కూడగట్టడానికే ఆ నడక. మనకు పాదయాత్ర అంటే ఏమిటో తెలుసు. ఏ పీఠాధిపతీ చేయించలేని ప్రాయశ్చిత్తాన్ని ఒక బాధిత వ్యక్తి నడక ఊరందరికీ గుర్తుచేసింది.

రెండో ఆశ లెక్క తేలడం. 2024లో 292 మంది దావాలను అంగీకరించి, వాళ్లకు రావాల్సింది 10 కోట్ల డాలర్లకు పైమాటేనని తేల్చారు. ఆస్తులమ్మితే వచ్చిన సొమ్ము అందుకు చాలలేదు. ఎదురుచూస్తూ చూస్తూ కన్నుమూసిన బాధితులూ ఉన్నారు. కాబట్టి న్యాయం పూర్తయిందని చెప్పలేం. కానీ ‘మాకు తెలియదు, మాకు సంబంధం లేదు’ అనే మాటకు ఇక ఈ ఊళ్లో చోటు లేదు. నిజం కాగితం మీదికెక్కింది. ఎన్ని డాలర్లిచ్చినా పోయిన బాల్యం తిరిగి రాదు గానీ, ‘నువ్వు చెప్పింది నిజమే’ అన్న ఒక్క మాట కోసం కొందరు యాభై ఏళ్లు కాచుకున్నారు.

మూడో ఆశ మామూలు విశ్వాసుల చొరవ. బాసిలికాను కొన్నది ఏ హోటల్ కంపెనీయో కాదు. బాసిలికా హెరిటేజ్ ఫౌండేషన్ అనే సంస్థ ముందుకొచ్చి నిలబెట్టుకుంది. పూజలు ఆగలేదు. పీఠం చేతి నుంచి జారిన గుడిని జనమే మళ్లీ ఎత్తుకున్నారు. 1839లో మట్టి మోసినవాళ్ల మనవలూ మునిమనవలూ ఇప్పుడు కప్పు ఖర్చుకూ, హీటింగ్ ఖర్చుకూ చందాలు పోగేస్తున్నారు. గురువులు చెప్పింది వినడమే మన పని అనుకునే రోజులు పోయి, ఇది మనది, లెక్క మనమే చూడాలి అనే రోజులొచ్చాయి. పునరుద్ధరణ అంటే ఇంతకన్నా ఏముంటుంది?

నాలుగోది కట్టుదిట్టం. మౌంట్ కాషెల్ దెబ్బ తర్వాతే కెనడా బిషప్పులు 1992లో ‘వేదన నుంచి ఆశ వైపు’ అనే అర్థం వచ్చే పేరుతో నివేదిక తెచ్చారు. 2018లో దాన్ని మించిన కొత్త మార్గదర్శకాలు ఇచ్చారు. ఇప్పుడు పిల్లలకు సత్యోపదేశం చెప్పాలన్నా, పాటల బృందం నడపాలన్నా పోలీసుల ధ్రువీకరణ తేవాల్సిందే. పిల్లలతో పెద్దవాళ్లు ఒంటరిగా ఉండకూడదు. అనుమానం వస్తే పోలీసులకో, పిల్లల సంరక్షణ శాఖకో చెప్పడం ప్రతి ఒక్కరి చట్టబద్ధ బాధ్యత.

మనవాళ్లలో కొందరికి ఇది చిన్నతనంగా తోస్తుంది. ‘మేం దేవుడి పని చేయడానికొస్తే పోలీసు కాగితం అడుగుతారా?’ అంటారు. సైటు గేటు దగ్గర హెల్మెట్ లేకుండా ఎవర్నీ లోపలికి రానివ్వం. ఎంత పెద్ద ఇంజనీరైనా అంతే. హెల్మెట్ పెట్టుకోమంటే అవమానమనుకోరు కదా! ఇదీ అంతే. మంచివాళ్లను అనుమానించడానికి కాదు, చెడ్డవాళ్లకు సందు దొరక్కుండా చేయడానికి.

ఉప్పు తిన్న ఇల్లే అయినా...

ఇక మన సంగతి. మనలో చాలామంది బోర్డింగుల్లో, మిషన్ హాస్టళ్లలో చదువుకున్నవాళ్లమే. ఆ ఫాదర్లు, సిస్టర్లు లేకపోతే మనకు డిప్లొమా లేదు, డిగ్రీ లేదు, ఈ కెనడా లేదు. ఆ మేలు జన్మలో మరిచిపోలేం. మరిచిపోకూడదు కూడా.

కానీ మౌంట్ కాషెల్‌లో పిల్లల నోరు కట్టేసింది ఆ మేలే. ‘నీకు తిండి పెట్టినవాళ్ల మీద చాడీలు చెబుతావా?’ అనే మాట బెత్తం దెబ్బకన్నా గట్టిది. ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేయకూడదని మనకు ఉగ్గుపాలతో నేర్పారు. మంచి నీతే. కానీ ఆ ఇంట్లోనే పిల్లాడికి అన్యాయం జరుగుతుంటే నోరు మూసుకోవడం విశ్వాసం కాదు, ఆ ఇంటికే ద్రోహం. కృతజ్ఞత వేరు, మౌనం వేరు. ఈ రెంటినీ ఒకటిగా కలిపేసినచోటల్లా పిల్లలు నలిగిపోయారు. ఐర్లండ్‌లో 2009లో వచ్చిన ర్యాన్ నివేదిక చెప్పిందీ, 2002లో బోస్టన్‌లో బయటపడిందీ, కెనడా ఆదివాసీ పిల్లల రెసిడెన్షియల్ స్కూళ్ల గురించి 2022లో అప్పటి పోప్ ఫ్రాన్సిస్ ఇక్కడికొచ్చి క్షమాపణ అడిగిందీ ఇలాంటి గాయాల గురించే.

మన దేశంలోనూ 2012లో పోక్సో చట్టం వచ్చింది. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసీ చెప్పకపోతే అదీ నేరమే. గుడికైనా, బడికైనా, మఠానికైనా, మదర్సాకైనా, కార్పొరేట్ కాలేజీ హాస్టల్‌కైనా ఒకటే చట్టం. ఇది ఒక మతం గొడవ కాదు. పిల్లలు, అధికారం, మౌనం ఈ మూడూ ఒకచోట చేరితే ఎక్కడైనా ఇదే ప్రమాదం.

మనం చేయగలిగింది

పెద్ద పెద్ద మాటలు అక్కర్లేదు. విదేశాల్లో ఉన్న మన తెలుగు కుటుంబాలు కొన్ని పనులు రేపటి నుంచే చేయొచ్చు.

పిల్లల్ని సత్యోపదేశానికో, వేసవి శిబిరానికో, తెలుగు సంఘం వాళ్ల డాన్సు క్లాసుకో పంపేముందు అక్కడ పెద్దవాళ్ల ధ్రువీకరణ ఉందా అని అడగాలి. అడిగితే ఏమనుకుంటారో అన్న మొహమాటం వద్దు. అడిగినందుకు కోప్పడే చోట పిల్లల్ని వదలకపోవడమే మంచిది.

పిల్లలు ఏదైనా చెబితే ముందు వినాలి. ‘అలా అనకూడదు, ఆయన పెద్దాయన’ అని నోరు నొక్కొద్దు. తెలుగులో చెప్పలేక ఇంగ్లిషులో చెప్పినా, ఇంగ్లిషులో చెప్పలేక ఏడ్చినా వినాలి.

ఫైనాన్స్ కమిటీల్లో, పారిష్ కౌన్సిళ్లలో మనవాళ్లూ కూర్చోవాలి. సమోసాలు, బిర్యానీ వండి పెట్టడానికి ఎలాగూ ముందుంటాం. లెక్కలు చూసేటప్పుడు, నియమాలు రాసేటప్పుడు కూడా ముందుండాలి. పాత గాయాల సంగతి ఈ ఊరివాళ్లు చెప్పబోతే ‘అదంతా మేం రాకముందు’ అని తప్పుకోకుండా ఓపిగ్గా వినాలి. వాళ్లు మనకు చోటిచ్చారు. వాళ్ల దుఃఖానికి మనం కొంచెం చోటివ్వాలి.

ఊళ్లో ఉన్న అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఫోన్ చేసినప్పుడు ‘మన బోర్డింగులో ఇలాంటి నియమాలున్నాయా?’ అని అడగండి. మనం పంపే డాలర్లతో కొత్త గంట, కొత్త గ్రోటో కట్టిస్తున్నాం. మంచిదే. పిల్లలు భయం లేకుండా ఫిర్యాదు చేయగల ఏర్పాటుకు కూడా ఆ డాలర్లలో కొంత ఇవ్వండి. శిలాఫలకం మీద పేరు పడకపోవచ్చు. ఒక పిల్లాడు హాయిగా నిద్రపోతాడు.

సెయింట్ జాన్స్ పీఠం మళ్లీ పాత వైభవానికి వస్తుందా అంటే రాకపోవచ్చు. రానక్కర్లేదు కూడా. ఆ వైభవంలోనే ఆ పిల్లలు ఏడ్చారు. గుళ్లు తగ్గాయి, డబ్బు తగ్గింది, గర్వం తగ్గింది. పూజకొచ్చేవాళ్లు తక్కువమందైనా కళ్లు తెరుచుకుని వస్తున్నారు. ఒకర్నొకరు విచారించుకుంటున్నారు. చిన్నదైనా నిజమైన సంఘం, పెద్దదైనా నిజం దాచిన సంఘంకన్నా గట్టిది. మన పిల్లలకు ఆస్తిగా ఇవ్వాల్సింది అలాంటి సంఘాన్నే.